దేశానికి అధికారిక మతం ఉంటే తప్పేమిటి? గుడి కేసులు చూసిన వకీలుగా నా జవాబు

అడిగినవారికి నమస్కారం. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఇంగ్లండుకు అధికారిక మతం ఉంది, మలేసియాకు ఉంది, 2006 దాకా నేపాలుకూ ఉండేది, 2011 జనాభా లెక్కల ప్రకారం నూటికి దాదాపు ఎనభై మంది హిందువులున్న మన దేశం హిందూమతాన్ని అధికారిక మతంగా ప్రకటించుకొని, తక్కిన మతాలవారిని గౌరవంగానే చూసుకుంటూ ఉంటే వచ్చే నష్టమేమిటి?

నా జవాబు: ప్రకటించకూడదు. అలా ప్రకటిస్తే ఆ మతాన్ని ఆచరించేవారు కూడా నష్టపోతారు, అదీ తాము ఊహించని వైపు నుంచి. మైనారిటీలకు కలిగే ఇబ్బంది గురించి అందరూ చెబుతారు, అది నిజం కూడా. దాని దగ్గరికి తర్వాత వస్తాను. అయితే ముప్పై ఏళ్లుగా హైదరాబాదులో దేవాలయ భూములు, అర్చకత్వ హక్కులు, వక్ఫ్ ఆస్తులు, కుల ధ్రువపత్రాల కేసులు వాదిస్తూ వచ్చిన నాకు ముందుగా తట్టేది వేరొకటి. ప్రభుత్వం ఒక మతాన్ని తనదిగా చేసుకుంటే, ఆ మతంలో ఏది ఆచారం, ఏది కాదు అని తేల్చే అధికారం పూజారి నుంచి, పీఠం నుంచి, ఊరి పెద్దల నుంచి తప్పిపోయి, ఫైలు రాసే గుమస్తా దగ్గరికి చేరుతుంది.

ఒక కేసు చెబుతాను. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. తెలంగాణలో హైవే పక్కన ఉన్న ఒక ఊళ్లో ఎల్లమ్మ గుడి ఉంది. తరతరాలుగా ఒక బైండ్ల కుటుంబం అక్కడ కొలుపు చేస్తోంది; జమిడిక వాయిస్తూ అమ్మవారి కథ చెప్పడం, కల్లు సాక పోయడం, జాతరనాడు పట్నం వేయడం వారి పని. రోడ్డు వెడల్పయ్యాక లారీలవాళ్లు ఆగి మొక్కడం మొదలైంది, హుండీ పెట్టారు, ఆదాయం పెరిగింది, గుడి దేవాదాయశాఖ రిజిస్టరుకెక్కింది. రిజిస్టరుకెక్కిన గుడికి దిట్టం తయారు చేయాలి. అంటే నిత్యపూజకు బియ్యమెంత, నూనె ఎంత, కర్పూరమెంత అన్న లెక్క అన్నమాట. అచ్చువేసిన ఆ కాగితంలో బియ్యం, పెసరపప్పు, నెయ్యి, బెల్లం, వత్తులు అన్నీ ఉన్నాయి గానీ కల్లు లేదు. ఏ ఆగమం, అంటే ఏ పూజాశాస్త్రం, ప్రకారం పూజ జరుగుతుందో రాయమని ఒక గడి కూడా ఉంది. ఆ ఇంటి పెద్దాయన నా ఆఫీసులో కూర్చొని, ఆ గడి మీద వేలు పెట్టి, "ఆగమం అంటే ఏంది సారూ?" అని అడిగాడు. చెప్పడానికి ప్రయత్నించాను, కుదరలేదు. గడి ఖాళీగా వదిలితే ఫైలు కదలదు గనుక ఎవరో అందులో 'శైవం' అని రాసిపెట్టారు. శైవం అని రాసిన తర్వాత శైవాగమం చదివిన అర్చకుడు కావలసి వచ్చాడు. ఆ చదువు బైండ్ల కుటుంబంలో ఎవరికీ లేదు. అలా ఎవరి దురుద్దేశమూ లేకుండానే, ఒక గడి నింపిన పుణ్యాన, ఆ అమ్మవారిని అన్ని తరాలుగా కొలిచినవారు ఆ గుడిలో అనర్హులైపోయారు. వారు రిట్ వేస్తే, సాక పోయడం పూజావిధానంలో లేదని, బలుల విషయంలో 1950 నాటి జంతు పక్షి బలుల నిషేధ చట్టం ఉందని కౌంటరు వచ్చింది.

ఇదంతా అధికారిక మతం లేని దేశంలో, ఆస్తుల లెక్కాజమా కోసమే మొదలైన ఒక ఏర్పాటులో జరిగిన సంగతి అని గమనించండి. రేపు మతాన్నే కాపాడే బాధ్యత సర్కారు నెత్తిన వేసుకుంటే, అలాంటి గడులు ఎన్ని పుడతాయో ఊహించుకోవచ్చు. అవతలి పక్షాన కూడా ఇలాంటిదే చూశాను. మన పల్లెల్లో పీర్ల చావడులను హిందూ కుటుంబాలు చూసుకోవడం, పీరును హిందువులే ఎత్తుకోవడం తెలుగువారికి కొత్త కాదు. అటువంటి చావడి ఒకటి ఆస్తి తగాదాలో పడి కాగితాలకెక్కినప్పుడు, చూసుకునేవాడు ముస్లిం అయి ఉండాలా అక్కర్లేదా అన్న ప్రశ్న పుట్టింది. అంతకుముందు ఊళ్లో ఆ ప్రశ్న వేసినవాడే లేడు.

అధికారిక మతం పెట్టిన దేశం ముందుగా ఆ మతానికి నిర్వచనం చెప్పుకోవాలి. దీనికి పాకిస్తాన్‌ను మించిన పాఠం లేదు. 1947 ఆగస్టు 11న జిన్నా రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, ఎవరు ఏ మతానికి చెందినా రాజ్యానికి దానితో సంబంధం లేదన్నారు. 1949 మార్చిలో, రాజ్యాంగం ఇస్లాం సూత్రాల ప్రకారం ఉండాలనే లక్ష్యాల తీర్మానం వచ్చింది. ఆ దేశపు తొలి న్యాయశాఖ మంత్రి జోగేంద్రనాథ్ మండల్, దళిత హిందువు, 1950లో రాజీనామా చేసి ఇండియాకు వచ్చేశారు. అది మైనారిటీల కథ. దాంతోపాటే ఇంకో కథ నడిచింది. 1953లో పంజాబులో, తాము ముస్లింలమనే చెప్పుకునే అహ్మదీయ శాఖవారి మీద అల్లర్లు జరిగాయి. దానిపై విచారణ జరిపిన జస్టిస్ మునీర్, జస్టిస్ కయానీల సంఘం ప్రసిద్ధులైన మతపండితుల్లో చాలామందిని పిలిచి, ముస్లిం అంటే ఎవరో నిర్వచించమని అడిగింది. ఏ ఇద్దరి నిర్వచనమూ కలవలేదని, ఒకరి నిర్వచనం ఒప్పుకుంటే తక్కినవారి దృష్టిలో మతభ్రష్టులమవుతామని 1954 నివేదికలో రాశారు. 1973 రాజ్యాంగం ఇస్లాంను రాజ్యమతంగా ప్రకటించింది; మరుసటి ఏడాదే, 1974లో, రెండో సవరణ ద్వారా అహ్మదీయులు ముస్లింలు కారని పార్లమెంటు తేల్చింది. తాము ముస్లింలమని నమ్మేవారి విషయంలో, కారని ఓటింగు పెట్టి నిర్ణయించారన్న మాట.

హిందూమతం విషయంలో ఈ నిర్వచనం పని మరీ కష్టం. మన రాజ్యాంగం 25వ అధికరణ కింద ఉన్న వివరణలో, ఆలయ ప్రవేశం వంటి సంస్కరణల నిమిత్తం హిందువు అన్న మాటలో సిక్కులు, జైనులు, బౌద్ధులు కూడా చేరతారని ఉంది. స్వామినారాయణ సంప్రదాయాన్ని అనుసరించే సత్సంగులు తాము హిందువులం కామని వాదిస్తే, 1966లో సుప్రీంకోర్టు హిందూమత లక్షణాలేమిటో పేజీలకు పేజీలు చర్చించి, కాదు, మీరు హిందువులేనంది. రామకృష్ణ మిషన్‌ది ప్రత్యేక మతమన్న వాదన కలకత్తా హైకోర్టులో నెగ్గి, 1995లో సుప్రీంకోర్టులో ఓడింది. లింగాయత్‌లది వేరే మతమా కాదా అన్న గొడవ 2018లో కర్ణాటకలో చూశాం. ఇక మేడారం చూడండి. విగ్రహం లేదు, గోపురం లేదు; సమ్మక్కను చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణె రూపంలో కోయ పూజారులు గద్దెకు తెస్తారు, భక్తులు బెల్లాన్ని బంగారమని మొక్కుతారు. ఇది అధికారిక మతంలో భాగమా కాదా? అవునంటే ఏ శాస్త్రం ప్రకారం? కాదంటే ఆ లక్షల మంది ఎవరు? ఈ ప్రశ్నలకు ఏదో ఒక జవాబు రాసి, కింద సంతకం పెట్టక తప్పని అధికారి ఒకడు ఉండాల్సి వస్తుంది. ఒక్క మతంలోని రెండు శాఖలైన వడగలై, తెంగలై వారి నామం వంపు గొడవలు మద్రాసు హైకోర్టులో దశాబ్దాల తరబడి నడిచాయి. అప్పుడు కోర్టు ఎటూ మొగ్గకుండా ఆస్తి హక్కు, ఆచారం వరకే చూసి తీర్పు చెప్పగలిగింది. రాజ్యానికే ఒక మతం ఉంటే ఆ వెసులుబాటు ఉండదు.

మీరు ఉదాహరణగా చెప్పిన ఇంగ్లండు సంగతి. అక్కడి రాజు చర్చికి అధిపతి, ప్రభువుల సభలో 26 మంది బిషప్పులకు సీట్లున్నాయి, 1701 నాటి చట్టం ప్రకారం కేథలిక్ సింహాసనమెక్కడానికి వీల్లేదు. అయినా అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు హాయిగా గుళ్లు కట్టుకుంటున్నాయి కదా అంటారు. నిజమే. అయితే ఆ స్థితికి ఎలా వచ్చారో చూడాలి. 1829 దాకా కేథలిక్కులు పార్లమెంటులో కూర్చోలేకపోయారు. 1871 దాకా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో పదవులకు మతపరీక్ష ఉండేది. ఐర్లండులో 1871లో, వేల్స్‌లో 1920లో చర్చికి ఉన్న అధికారిక హోదాను తీసేశారు. రెండు వందల ఏళ్లుగా ఒక్కొక్క అధికారాన్నీ ఊడబెరుక్కుంటూ వచ్చారు గనుకనే ఇవాళ ఆ హోదా ఎవరినీ గుచ్చుకోవడం లేదు. మరి మతానికైనా మేలు జరిగిందా అంటే, 2021 లెక్కల్లో ఇంగ్లండు, వేల్స్‌లలో క్రైస్తవులమని రాసుకున్నవారు 46.2 శాతం. అధికారిక హోదా వల్లనే తగ్గారని నేననను, కానీ హోదా ఉన్నంతమాత్రాన భక్తి నిలవదని మాత్రం చెప్పవచ్చు. ఒరలోనే తుప్పుపట్టిన కత్తిని చూపించి, కొత్త కత్తి కొనుక్కుంటే ప్రమాదం లేదనడం సరికాదు.

మలేసియా సంగతి చాలామందికి తెలియదు. రబ్బరు తోటల కాలం నుంచి తెలుగువారు అక్కడ ఉన్నారు. మన గుళ్లు, మన సంఘాలు ఉన్నాయి. రాజ్యాంగం మూడో అధికరణ ఇస్లాం సమాఖ్య మతమంటుంది. విచిత్రమేమిటంటే, అక్కడ మత విషయంలో సర్కారు అదుపు ఎక్కువగా ఉండేది ముస్లింల మీద. ఇస్లాంను బోధించాలంటే రాష్ట్ర మతాధికారుల నుంచి తౌలియా అనే అనుమతిపత్రం కావాలి; హిందూ పురోహితుడికి అటువంటి పత్రం అక్కర్లేదు. శుక్రవారం మసీదులో చదివే ప్రసంగాన్ని సైతం ప్రభుత్వ మతశాఖలు తయారుచేసి పంపుతాయి. ఇక మతం విడిచిపెట్టాలనుకున్న ముస్లింకు దారి దాదాపు మూసుకుపోయినట్లే. 2007లో అక్కడి ఫెడరల్ కోర్టు లీనా జాయ్ కేసులో, గుర్తింపు కార్డు మీద 'ఇస్లాం' అన్న మాట తీసేయాలంటే ముందు షరియా కోర్టు ఒప్పుకోవాలంది. ముస్లిమేతరులూ తప్పించుకోలేదు. భర్త ఇస్లాం పుచ్చుకొని, భార్యకు తెలియకుండా ముగ్గురు పిల్లల మతం మార్పిస్తే, హిందువైన ఆ తల్లి 2009 నుంచి కోర్టుల చుట్టూ తిరిగి, 2018లో గానీ ఆ మార్పిడి చెల్లదన్న తీర్పు తెచ్చుకోలేకపోయింది.

నేపాల్ మనకు మరీ దగ్గరి ఉదాహరణ. 1962, 1990 రాజ్యాంగాలు అది హిందూ రాజ్యమని స్పష్టంగా రాశాయి. అంతకు వందేళ్ల ముందు, 1854లో తెచ్చిన ములుకీ ఐన్ అనే చట్టం కులాన్నిబట్టి శిక్ష విధించేది. తాగునీరు ఎవరి చేతినుంచి పుచ్చుకోవచ్చో, ఎవరి నుంచి పుచ్చుకోకూడదో ప్రభుత్వమే వర్గాలు కట్టి రాసింది. 1963లో కొత్త చట్టం వచ్చేదాకా అదే నడిచింది. ఆ చట్టం కింద నలిగినవారిలో అత్యధికులు హిందువులే, కాకపోతే అడుగున ఉన్న హిందువులు. ఊళ్లో కులం కట్టుబాటు ఎప్పటికైనా సడలుతుంది, వలస వెళ్లినవాడు తప్పించుకుంటాడు. చట్టపుస్తకానికెక్కిన కట్టుబాటుకు పోలీసు తోడవుతాడు. 2006లో నేపాల్ లౌకిక రాజ్యమైంది, 2015 రాజ్యాంగం దాన్ని నిలబెట్టింది. అయితే లౌకికమంటే సనాతనంగా వస్తున్న మత సంస్కృతుల రక్షణ కూడా అని వివరణ చేర్చింది, ఒకరిని ఇంకొక మతంలోకి మార్చడాన్ని నేరం చేసింది. పేరు మార్చినంత సులువుగా స్వభావం మారదు. బంగ్లాదేశ్ అయితే ఇంకో అడుగు ముందుకు వేసి, 1988లో తెచ్చిన రాజ్యమతాన్ని అలాగే ఉంచి, 2011లో లౌకికత్వాన్ని కూడా తిరిగి చేర్చి, ఒకే పుస్తకంలో రెండింటినీ కాపురం పెట్టించింది.

'మన గుళ్లను మాత్రం సర్కారు పట్టుకుంది కదా, అదేం లౌకికత్వం?' ఈ ప్రశ్న మీరు అడగకపోయినా దీని వెనకే వస్తుందని నాకు తెలుసు, ఎందుకంటే నా కక్షిదారుల్లో సగం మంది అడిగేది ఇదే. ఈ ఫిర్యాదులో బలముంది. దాన్ని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. కానీ చరిత్ర కొంచెం చూడండి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1817 నాటి ఏడో రెగ్యులేషన్‌తో గుళ్ల అజమాయిషీ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. తిరుమల కొండను 1801 నుంచి కంపెనీ కలెక్టర్లే చూశారు, మిగులు ఖజానాకు పోయేది. విగ్రహారాధనలో క్రైస్తవ ప్రభుత్వానికి పనేమిటని ఇంగ్లండులో మిషనరీ వర్గాలు గోల చేయడంతో 1843లో హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించి చేతులు దులుపుకున్నారు. మళ్లీ 1933లో దేవస్థానం కమిటీ ఏర్పడింది. నిజాం రాజ్యంలో ఉమూరె మజహబీ అనే మతవ్యవహారాల శాఖ మసీదులతోపాటు గుళ్లనూ చూసేది. అంటే ఈ పట్టు మన రాజ్యాంగం కంటే పాతది.

రాజ్యాంగం వచ్చాక 25, 26 అధికరణలు ఒక గీత గీశాయి: మతానికి సంబంధించిన విషయాలు ఆ మతసంప్రదాయం వారివి, ఆస్తుల నిర్వహణను మాత్రం చట్టం నియంత్రించవచ్చు. 1954లో సుప్రీంకోర్టు ఇచ్చిన శిరూరు మఠం తీర్పు ఈ గీతను వివరించింది. గీత ఎక్కడుందో మాత్రం ఇప్పటికీ తగాదాయే. మన 1987 దేవాదాయ చట్టం అర్చకుల మిరాశీని, అంటే వంశపారంపర్య హక్కును, రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది, ఎన్నో అర్చక కుటుంబాలు చితికిపోయాక 2007లో సవరణ తెచ్చి కొంత సర్దారు. నా అభిప్రాయంలో ఆ చట్టంలో మార్చవలసింది ఇంకా చాలా ఉంది: లెక్కల తనిఖీ ఉంచి, పూజావిధానం జోలికి పోకుండా, ధర్మకర్తల మండళ్లలో రాజకీయ పైరవీలు తగ్గించి, భక్తులకు చోటివ్వాలి. అయితే అధికారిక మతం ప్రకటిస్తే గుళ్లు సర్కారు చెర నుంచి విడుదలవుతాయని అనుకోవడం మాత్రం తలకిందుల లెక్క. నేపాల్ హిందూ రాజ్యంగా ఉన్న రోజుల్లోనే, 1987లో, పశుపతినాథ క్షేత్రానికి చట్టంతో ట్రస్టు పెట్టారు. గుడిని వదులుకున్న అధికారిక మతరాజ్యం ఏదీ నాకు తారసపడలేదు.

లౌకిక రాజ్యమనే పేరు పెట్టుకున్నంత మాత్రాన అంతా సవ్యంగా ఉంటుందనీ నేననడం లేదు. 1967లో అల్బేనియా మతాన్నే నిషేధించింది. మన దగ్గర కూడా సర్కారు మనిషి మతాన్ని తరచి చూసే చోటు ఒకటుంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారే ఎస్సీలు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఒక కేసులో విచారణ నివేదిక నా చేతికి వచ్చింది: 'ఇంటి ముందు గదిలో ఏసుక్రీస్తు పటము, లోపలి గదిలో వేంకటేశ్వరస్వామి పటము కలవు' అని రాసి, ఏది పెద్దదో కూడా రాశారు. ఒక యువకుడి ఉద్యోగం ఆ రెండు పటాల మధ్య వేలాడింది. 1976లో గుంటూరు వైద్య కళాశాల సీటు గురించి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసులో కూడా ఇదే చిక్కు. క్రైస్తవం పుచ్చుకున్న తల్లిదండ్రులకు పుట్టిన విద్యార్థి తిరిగి హిందువైతే, పాత కులం అతన్ని తనలో చేర్చుకుంటే, అతను ఆ కులస్థుడేనని కోర్టు చెప్పింది. ఆ మూడో పేరా ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. నేను చెప్పేది, సర్కారు ఒక పౌరుడి మతం కొలవడానికి దిగితే గోడమీద పటాల సైజు దాకా పోతుందని.

'లౌకిక' అన్న మాట గురించి ఒక చిన్న ముచ్చట. మన భాషలో లౌకికం తెలిసినవాడంటే నలుగురితో నెట్టుకురాగలవాడని అర్థం. అందుకే ఈ పదం వినగానే చాలామందికి ఏదో గడుసుదనం, సర్దుబాటు స్ఫురిస్తాయి. 'మతాతీత' అన్నా పూర్తిగా కుదరదు, మన రాజ్యం మతాలకు అతీతంగా ఎక్కడో నిలబడి లేదు. ప్రవేశికలో ఆ మాట 1976లో 42వ సవరణతో వచ్చింది గనుక దాన్ని తీసేస్తే సరిపోతుందని కొందరంటారు. 1948లో కె.టి. షా ఆ మాట చేర్చమంటే రాజ్యాంగ సభ ఒప్పుకోలేదన్నది నిజమే. అదే సభ 1949 అక్టోబరు 17న, ప్రవేశికను 'దేవుని పేరిట' అని మొదలుపెట్టాలన్న హెచ్.వి. కామత్ సవరణను కూడా తోసిపుచ్చింది; అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68 ఓట్లు పడ్డాయి. అంతమంది ఆస్తికులున్న సభ దేవుడి పేరును కూడా ఓటింగుకు పెట్టవలసి వచ్చిందే అని ఇబ్బంది పడిన సందర్భమది. మాట లేకపోయినా అసలు సంగతి 25 నుంచి 28 దాకా ఉన్న అధికరణల్లో అప్పటికే ఉంది: ఒక మతాన్ని పోషించడానికి ప్రత్యేకంగా పన్ను వేయకూడదు, పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కూడదు. లౌకికత్వం, పార్లమెంటు సవరణతో తీసేయలేని రాజ్యాంగ మౌలిక లక్షణమని 1994లో బొమ్మై కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. కాబట్టి అధికారిక మతం ప్రకటించడం మామూలు సవరణతో అయ్యే పని కూడా కాదు.

ఎల్లమ్మ గుడి కేసు ఏమైందని అడుగుతారేమో. తీర్పు దాకా పోలేదు. కొత్తగా వచ్చిన అధికారి ఒకాయన, ఆయనది కూడా పల్లెటూరే, రెండు పక్షాలనూ కూర్చోబెట్టి రాజీ చేశాడు. బైండ్ల కుటుంబం ఆచారం ప్రకారం కొలుపు చేసుకోవచ్చు, హుండీ లెక్క మాత్రం చూపాలి. దిట్టం కాగితంలో కర్పూరం, వత్తుల కింద నీలం సిరాతో 'సాక: ఊరి వాడుక ప్రకారం' అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. ఆగమం గడిలో ఉన్న 'శైవం' మీద అడ్డగీత గీసి ఖాళీగా వదిలేశాడు. ఆ ప్రతి ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.